కేవీకి ముప్పై తొమ్మిది

మా డ్యూటీలో వేలు పలకం. పదకొండు వేల వోల్టుల లైనుని పదకొండు అంటాం, ముప్పై మూడు వేలని ముప్పై మూడు అంటాం. లాగ్ షీటు పైన ఒక మూల చిన్నగా కేవీ అని అచ్చువేసి ఉంటుంది. మిగతా సున్నాల బరువంతా ఆ రెండక్షరాలే మోస్తాయి. గంటకోసారి లేచి, పానెల్ దగ్గరికి వెళ్ళి, మీటరు చూసి, 10.8 అనో 10.6 అనో రాసి, మళ్ళీ కుర్చీలో కూర్చోవడం నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. పదివేల ఎనిమిది వందల వోల్టులని అంత పొట్టిగా రాయడం అలవాటైపోతే మనిషి మాటలు కూడా పొట్టివైపోతాయేమో తెలియదు. నావి మాత్రం అయిపోయాయి.

సబ్‌స్టేషన్ కాలవ గట్టు పక్కన ఉంటుంది. నేను చేరినప్పుడు చుట్టూ వరిచేలు, ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు. నేనుండేది పాలకొల్లులో, ఒక బట్టలకొట్టు మీద అద్దెగదిలో. పెళ్ళి కాలేదు. మొదట్లో ఎందుకు కాలేదని అందరూ అడిగేవారు, నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, అదీ ఏం బాగాలేదు.

మిగతా ఇద్దరు ఆపరేటర్లకీ చదువుకునే పిల్లలున్నారు. పొద్దున్నే వాళ్ళని తయారుచేసి పంపాలి కాబట్టి ఆరింటి డ్యూటీ వాళ్ళకి కుదరదు. నాకు తయారుచెయ్యాల్సినవాళ్ళు ఎవరూ లేరు గనక ఆ డ్యూటీ పూర్తిగా నాకే రాసేశారు. నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగితే ఒప్పుకునేవాణ్ణే, అడగలేదని కోపం. ఆ కోపాన్ని కూడా ఎవరితోనూ చెప్పలేదు, చెప్పడానికి ఆ కంట్రోల్ రూములో బ్యాటరీలు తప్ప ఎవరున్నారు!

సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసేవాళ్ళు సాధారణంగా తిట్టడానికే చేస్తారు. కరెంటుని నేనే తీసి జేబులో వేసుకున్నట్టు మాట్లాడతారు. అందుకని ఆ పొద్దున ఏడింటికి ఫోన్ మోగినప్పుడు నేను ముందే మొహం ముడుచుకుని ఎత్తాను.

"ఏవండీ, సబ్‌స్టేషనేనాండి? మా చెరువు దగ్గర వోల్టేజీ మూడొందల యాభై రెండే చూపిస్తోందండి. మీ దగ్గర ఎంతుందో కాస్త చూసి చెబుతారా?"

పెద్దవయసు గొంతు. తిట్టలేదు సరికదా, మీ దగ్గర ఎంతుందని అడిగారు. అన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. లేచి వెళ్ళి చూసొచ్చి, "పది పాయింటు ఆరు ఉందండి" అన్నాను.

"పదేనాండి!" ఆయన గాభరాపడ్డారు. "పదితో మా మోటార్లు ఎలా తిరుగుతాయండి?"

నాకు నవ్వొచ్చింది. "పది కేవీ అండి. కేవీ అంటే వెయ్యి వోల్టులు. పదివేల ఆరువందలన్నమాట."

"అలా చెప్పండి మరి. వేలన్నీ మీరు మింగేసి పది అంటే, మేం ఏమైపోవాలి?"

తరవాత ఆయన అసలు ప్రశ్న వేశారు. మీ పదివేలు నా మూడొందలు ఎలా అవుతున్నాయని. చెరువు పక్క స్తంభాల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మరే ఆ పని చేస్తుందని చెప్పాను. పదకొండు వేలు అటు పోస్తే నాలుగొందల ముప్పై మూడు ఇటు వస్తాయి. భాగించి చూస్తే ఒక్కో కేవీకి ముప్పై తొమ్మిది వోల్టులు, పైన చిల్లర. నాకు పని నేర్పిన పాత ఆపరేటరు చిల్లర వదిలేసి కేవీకి ముప్పై తొమ్మిది అని బట్టీపట్టించాడు. ఆ లెక్కన పది పాయింటు ఆరుకి నాలుగొందల పదమూడు రావాలి.

"మరి నాకు అరవై ఒకటి తక్కువొస్తోందేంటండి?" ఆయన నోటిలెక్క నాకంటే చురుకు.

"మీది ఫీడరు లైను చివర గదండీ. దారిలో తీగ కొంత తినేస్తుంది" అన్నాను. అప్పటికి నేను నమ్మినది అదే.

మర్నాడు మళ్ళీ ఏడింటికి చేశారు. ఆ మర్నాడూ చేశారు. ఆయనా భార్యా ఇద్దరే ఒక చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలు వేశారు. నాలుగు ఏరియేటర్లున్నాయి. అవి నీళ్ళని చిలికి గాలి కలుపుతుంటేనే రొయ్య బతుకుతుంది. వోల్టేజీ తక్కువైతే మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి లోపలి తీగచుట్ట కాలుతుంది. వానాకాలంలో ఆయన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మావాళ్ళు బాగుచేసిన ఇంకోటి తెచ్చి పెట్టారు, అప్పట్నుంచీ ఈ తక్కువ మొదలైంది. ఇవన్నీ ఆయన ఒక్కరోజులో చెప్పలేదు. రోజుకింత చెప్పేవారు. మొదట ఆయన అంకె, తరవాత నా అంకె, ఆపైన మాటలు.

"నిన్న మీది పది పాయింటు ఆరు, ఇవాళ పది పాయింటు ఎనిమిది. అంటే నాకు ఎనిమిది పెరగాలి గదాండి? ఏడే పెరిగింది. ఆ ఒక్కటీ ఎవరు తిన్నారండి?"

"నేను తినలేదండి బాబూ" అనేవాణ్ణి.

"టిఫిన్‌కి మీకు సరిపోదులెండి అది!"

ఆయన నన్ను కేవీ గారూ అని పిలవడం మొదలుపెట్టారు. నాకు ఆ పిలుపు నచ్చింది. ఏడు కాకముందే మీటరు చూసొచ్చి ఫోన్ పక్కన కూర్చునేవాణ్ణి.

అయిదో రోజు ఇంకో ఫోన్ వచ్చింది. కొబ్బరిపీచు మిల్లాయన, లైనుకి కొమ్మ తగులుతోందని. ఆ మిల్లు అదే ఫీడరు మీద, పెద్దాయన చెరువు దాటి ఇంకా ముందుకి ఉంటుంది. ఊరికే, నోటికొచ్చి, మీ దగ్గర వోల్టేజీ ఎంతుందండి అని అడిగాను. మూడొందల తొంభై ఒకటి అన్నాడాయన.

ఫోన్ పెట్టేసి కాయితం తీసుకున్నాను. చెరువుకంటే దూరంగా ఉన్న మిల్లుకి తొంభై వస్తుంటే, దగ్గరున్న చెరువుకి యాభై రావడమేంటి? అంటే తీగ తింటున్నది ఇరవయ్యే. మిగతా నలభై వోల్టులు పోతున్నది పెద్దాయన ట్రాన్స్‌ఫార్మర్‌లోనే. దానికి పక్కన చిన్న పిడి ఉంటుంది, ట్యాప్ అంటాం. ఒకటి నుంచి అంకెలుంటాయి. ఒక్కో అంకె జరిపితే కింద వోల్టేజీ ఇంచుమించు పది వోల్టులు పెరుగుతుంది. లెక్కేసి చూస్తే అయిదు మీద ఉండాల్సిన పిడి ఒకటి మీద ఉండిపోయింది. బాగుచేసి తెచ్చినవాళ్ళు దాన్ని చూసుకోలేదు. లైను ఆపి పిడి తిప్పితే పది నిమిషాల పని. మా ఇంజనీరు ఏఈ గారికి ఒక్క ఫోన్ చేస్తే చాలు.

కాయితం మడిచి సొరుగులో పెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను.

ఎందుకు రేపు అనుకున్నానో అప్పుడే తెలుసు, తెలియనట్టు నటించాను, అంతే. వోల్టేజీ బాగుపడితే ఆయన నాకెందుకు ఫోన్ చేస్తారు? పిడి తిరిగిన మర్నాటి నుంచి ఏడింటికి మళ్ళీ నేనూ నా బ్యాటరీలూ. ఒక్క రోజు ఆలస్యమైతే కొంపలు మునిగిపోవులే అనుకున్నాను. ఆ ఒక్క రోజు మూడు రోజులైంది, వారమైంది.

రెండో వారంలో నాకు ఛాతీలో బరువుగా అనిపించి ఊళ్ళో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చేతులకీ కాళ్ళకీ క్లిప్పులు పెట్టి ఈసీజీ తీశారు. కాయితం అంచున చిన్న డబ్బాలాంటి గుర్తు పడింది. వృత్తి ఊరుకోనివ్వదు కదా, అదేంటమ్మా అని ఆ అమ్మాయిని అడిగాను. ఒక మిల్లీవోల్టు అండి, గుండె కరెంటుని కొలవడానికి అది కొలబద్ద అంది. తరవాత, "మీతో ఎవరొచ్చారండి?" అని అడిగింది.

"ఎవరూ రాలేదు."

"బయట ఎవరైనా ఉన్నారాండి, రిపోర్టు ఇవ్వడానికి?"

"నాకే ఇవ్వమ్మా" అన్నాను కొంచెం గట్టిగా. పాపం ఆ పిల్ల తప్పేముంది, బెదిరిపోయింది. డాక్టరు చూసి గ్యాస్ అన్నారు.

మర్నాడు పొద్దున ఈ సంగతి పెద్దాయనకి నవ్వుతూ చెప్పాను. వెయ్యి మిల్లీవోల్టులు ఒక వోల్టండీ, వెయ్యి వోల్టులు ఒక కేవీ. నా లైనులో ఉన్నది పదకొండు కేవీ. అంటే గుండె కరెంటు లాంటివి కోటీ పది లక్షలు చేరిస్తేగానీ నా ఒక్క తీగకి సరిపోవు, అని. ఆయన లెక్కకి మురిసిపోతారని అనుకున్నాను. ఆయన లెక్క పట్టించుకోలేదు.

"గుండె పరీక్షకి ఒక్కరే వెళ్ళారాండి?" అన్నారు.

"ఆయ్."

"అయ్యో. ఇప్పుడు ఎలా ఉందండి? నెప్పి ఉందా?"

ఆ మర్నాడు ఫోన్ చేసి అంకె చెప్పలేదు. ముందు, "ఇవాళ ఎలా ఉందండి?" అన్నారు. బాగానే ఉందని చెప్పి, ఏదో మాట్లాడి, ఫోన్ పెట్టేసి, పానెళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. మా అమ్మ పోయాక నన్ను ఎవరైనా వరసగా రెండు రోజులు అదే ప్రశ్న అడగడం అదే మొదలు. సొరుగులో కాయితం ఇక కదిలే ఆశ లేదని నాకు అప్పుడే అర్థమైంది.

అలాగని నిద్ర పట్టేది కాదు. మోటార్లు వేడెక్కుతున్నాయని ఆయన చెప్పినప్పుడల్లా సొరుగు వైపు చూసేవాణ్ణి. పైవాళ్ళతో మాట్లాడుతున్నానండి అని అబద్ధం చెప్పడం కూడా మొదలుపెట్టాను. నాలుగో వారం సెలవురోజున, ఎదురుగా చూసి చెప్పేద్దామని బండి వేసుకుని బయలుదేరాను. ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి మెడ ఎత్తి చూశాను. పిడి ఒకటి మీదే ఉంది.

చెరువుగట్టు మీద తలకి తువ్వాలు చుట్టుకున్న సన్నటి మనిషి మేత చల్లుతున్నారు. గొంతుని బట్టి నేను ఊహించినదానికంటే పెద్దవారు. "ఏవండీ" అని పిలిచాను. ఆ ఒక్క మాటకే గుర్తుపట్టేశారు.

"కేవీ గారా! ఇదిగో, ఇటు రా, మన కేవీ గారొచ్చారు!" అని పాక వైపు కేకేశారు.

పాకలోంచి ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "రోజూ లేవగానే మీతోనేనండి కబుర్లు. నాతో మాట్లాడేది ఆ తరవాతే" అన్నారు. మాటలో ఫిర్యాదు ఉంది గానీ మొహంలో లేదు. కూర్చోమని పీటేసి, దిబ్బరొట్టె ముక్కలు కోసి, మీద చెరకు పానకం పోసి ఇచ్చారు. వేడివేడి రొట్టె. ఒక ముక్క అవగానే ఇంకోటి వేశారు, వద్దంటే వినలేదు. నేను కూడా గట్టిగా ఏం వద్దనలేదు.

పాక గోడకి పాత క్యాలెండర్ తిరగేసి కట్టి ఉంది. వెనకవైపు తెల్లకాయితం మీద పెన్నుతో వరసలు గీసుకున్నారు ఆయన. ఒక వరసలో నా కేవీలు, ఒక వరసలో ముప్పై తొమ్మిదితో హెచ్చించిన అంకెలు, ఒక వరసలో ఆయన వోల్టులు. చివర తేడా. అరవై ఒకటి, అరవై రెండు, అరవై, అరవై ఒకటి. ఒక్క రోజు వదలకుండా రాశారు, నా సెలవురోజుల్లో నా వరస ఖాళీగా వదిలేసి. ఆ తేడాలో నలభై ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వేలితో చూపిస్తున్నారు, నేను తలూపుతున్నాను.

"పైవాళ్ళకి చెబుతున్నారు గదా మీరు, ఎప్పటికైనా అవుతుందిలెండి" అన్నారు.

"చెబుతున్నానండి" అన్నాను, నోట్లో రొట్టె ఉండగానే.

చెప్పడానికే కదా వెళ్ళాను. కానీ చెబితే ఆ పీట మీద అలా కూర్చుని ఉండగలనా? కేవీ గారని పిలుస్తారా? మూడు ముక్కలు తిని, మంచినీళ్ళు తాగి, వచ్చేశాను. గేటు దాకా ఇద్దరూ వచ్చారు.

తరవాత వారం రోజులకి ఫోన్ ఆరున్నరకే వచ్చింది.

"రెండో మోటారు కాలిపోయిందండి. పొగొచ్చేసింది. రొయ్యలు పైకి తేలుతున్నాయండి, ఆవిడా నేనూ కర్రలతో నీళ్ళు కొడుతున్నాం. పక్క చెరువాళ్ళ జనరేటర్ వస్తోంది." ఆయన రొప్పుతున్నారు. వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. "మీ దగ్గర ఎంతుందండి?"

అప్పుడు కూడా అడిగారు. పది పాయింటు అయిదు అని చెప్పాను. ఆయన సరేనండి అని పెట్టేశారు.

సొరుగులోంచి కాయితం తీశాను. ఏఈ గారికి ఫోన్ చేసి దాన్ని చూసి చదివాను. మిల్లు వోల్టేజీ, చెరువు వోల్టేజీ, నలభై తేడా, పిడి ఒకటి మీద. నాలుగు వారాలుగా సొరుగులో ఉన్నది చదవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"బాగా పట్టుకున్నారండీ. ఎప్పుడు లెక్కేశారు?" అన్నారు ఏఈ గారు.

"ఇప్పుడేనండి" అన్నాను.

తొమ్మిదింటికి లైన్‌మన్ చెరువు దగ్గరికి చేరి లైను ఆపమన్నాడు. నేనే ఆపాను. పది నిమిషాలు కూడా కాలేదు, పిడి తిప్పేశాం, ఇచ్చేయండి అన్నాడు. ఇచ్చాను.

కాసేపటికి ఫోన్ మోగింది.

"మూడొందల తొంభై రెండండి! కేవీ గారూ, తొంభై రెండు! మోటార్లు ఎంత చల్లగా తిరుగుతున్నాయో! కొన్ని రొయ్యలు పోయాయి గానీ చెరువు నిలబడిందండి. మీరే పట్టుబట్టి చేయించారట గదా, లైన్‌మన్ చెప్పాడు. మా ఆవిడ మిమ్మల్ని మళ్ళీ ఒకసారి తీసుకురమ్మంటోందండి."

ఆయన గొంతులో అంత సంతోషం నేను భరించలేకపోయాను. ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ సంతోషం నాదే అనుకుని ఉంచుకోవచ్చు, రొట్టెలు తినొచ్చు. నా వల్ల కాలేదు.

"నాకు ముందే తెలుసండి" అన్నాను.

"ముందే అంటే?"

"మీరు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టిన అయిదో రోజే తెలుసు. తప్పు ఎక్కడుందో లెక్కేశాను. ఎవరికీ చెప్పలేదు."

వెనక ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినబడుతోంది.

"ఎందుకు చెప్పలేదండి మరి?"

"బాగైపోతే మీరిక ఫోన్ చెయ్యరని."

పైకి అనేసరికి అది ఎంత చవకబారు మాటో తెలిసింది. ఆవిడ పక్కనుంచి ఎవరండీ అని అడుగుతున్నారు. కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండేది.

"వోల్టేజీ బాగుంటే ఫోన్ చెయ్యనని ఎవరన్నారండి మీతో?" అన్నారు మెల్లగా. "అలా ఎందుకనుకున్నారండి?"

లాగ్ షీటు అంచు మడుస్తూ కూర్చున్నాను. ఉంటానండి అని ఆయన పెట్టేశారు.

నాలుగు నెలలైంది. ఆయన ఫోన్ చెయ్యలేదు. నా మీద కోపమో, అసహ్యమో, లేక నేనే చేస్తానని చూస్తున్నారో నాకు తెలియదు. ఆయన నెంబరు నా దగ్గరుంది. రెండుసార్లు నొక్కబోయి ఆగిపోయాను. క్షమించమని అడగడానికి మాటలు దొరక్క కాదు, అవి ఎలాగో వస్తాయి. ఆ తరవాత ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయాను. వోల్టేజీ ఎంతుందని అడగాల్సిన అవసరం ఇప్పుడు లేదు. అది కాకుండా ఇంకో మనిషిని ఏమని పలకరిస్తారో ఆయన నాకు చూపించారు, ఎలా ఉన్నారండీ అని. యాభై ఏళ్ళు దాటినవాణ్ణి, ఆ ఒక్క మాట అనడం నాకు ఇంకా రావడం లేదు.